నక్క కంటికి ఆనని రంగు

క్లెమ్ నోస్కే ఎవరినీ సలహా అడిగే రకం కాదు. పైగా చెల్లెల్ని అడగడమా! గొర్రెలు అమ్మినా, వాన మొహం చాటేసిన ఏడాది గోధుమ చల్లడం మానేసినా, భార్య పోయాక ఆవిడ బట్టలన్నీ చర్చికి ఇచ్చేసినా, మెల్వాకు అంతా అయిపోయాకే తెలిసేది. అలాంటి మనిషి ఆ చలి మధ్యాహ్నం టోపీ చేత్తో పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"మెల్వా, ఊళ్ళోకొస్తావా? తుపాకీకి లైటు కొనాలి. రంగు నువ్వు చూసి చెబుదువుగాని."

నిజానికి ఆమెకు సంతోషం కలగాలి. కలిగింది మాత్రం అనుమానం.

"తుపాకీకి లైటేంటి? మన పెద్ద లైటు పాడైందా?"

"పాడవలేదు. దాన్ని పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి కదా. ఇదైతే గొట్టానికే బిగించుకోవచ్చు. ఒక్కడినే వెళ్తా."

ఒక్కడే వెళ్తాడట! నోస్కే ఇంట్లో తుపాకీ ఒకరి చేతిలో, దీపం ఇంకొకరి చేతిలో. వాళ్ళ నాన్న పెట్టిన కట్టుబాటు అది. యూట్ అనే చిన్న ట్రక్కు వెనక తొట్టిలో నిలబడి పెద్ద లైటు తిప్పేది ఒకరు, కాల్చేది మరొకరు. దీపం పట్టినవాళ్ళు జంతువు కళ్ళు చూసి, నక్కేనని తేల్చుకుని "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినపడనిదే ట్రిగ్గర్ మీద వేలు పడకూడదు. మెల్వా స్కూలుకెళ్ళే రోజుల నుంచీ ఆ ఇంటికి దీపం ఆమే. గొర్రె కళ్ళు ఎంత నిదానంగా మెరుస్తాయో, నక్క కళ్ళు ఎలా ఆరి వెలుగుతాయో, కుక్క కళ్ళు మనవైపు ఎంత నమ్మకంగా నిలుస్తాయో ఆమెకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే.

మిగతావన్నీ మగవాళ్ళవి. పొలం సంగతే తీసుకోండి. నాన్న పోయినప్పుడు నేలంతా క్లెమ్‌కు వచ్చింది. మెల్వాకు వచ్చింది అమ్మ కుట్టుమిషను, పూల అంచు పింగాణీ పళ్ళేలు. అన్యాయం కదా అంటారేమో. మాలీ అనే పొట్టి చెట్ల పొదలు పెరిగే ఆ ఎండు నేల మీద ఏ ఇంట్లో చూసినా ఇంతే. చినుకు చినుకుకీ మొహం వాచే నేలను రెండు ముక్కలు చేస్తే ఇద్దరూ పస్తులే. కూతుళ్ళు నోరెత్తకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతారు. మెల్వా కూడా అలాగే వెళ్ళింది. భర్త పోయాక తిరిగొస్తే, క్లెమ్ తన ఇంటి వెనకున్న పాత పనివాళ్ళ ఇల్లు బాగుచేయించి "ఉండు" అన్నాడు. ఎంతకాలమో ఆయనా చెప్పలేదు, ఆమే అడగలేదు.

ఊరుకోనిది ఆమె కొడుకు బ్రోడీ ఒక్కడే. నది అవతల అద్దె ఇంట్లో ఉంటాడు. ఏ పనిలోనూ నిలవడు, ఎవరి మాటా పడడు. పోయిన నెల మెల్వా వాడికిష్టమైన జర్మన్ కేకు చేసుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళింది. వాడి కుక్క మిట్జీ ఎదురొచ్చి చేతులు నాకింది. దాని వెనకే పెరట్లోకి వెళ్ళి చూస్తే, రేకు దడిలో గొర్రెలు కిక్కిరిసి ఉన్నాయి. వాటి కుడి చెవులకు రెండేసి గాట్లు. నోస్కే వాళ్ళ గాట్లు! చిన్నప్పుడు వాళ్ళ నాన్న గొర్రెపిల్లల చెవులు కోస్తుంటే గిలగిలా కొట్టుకునే ఆ పిల్లల్ని ఒళ్ళో అదిమి పట్టుకున్నది ఆమే.

"ఒరేయ్, ఇదేం పనిరా? మీ మామయ్య గొర్రెలు కదరా ఇవి!"

"సగం నీవేగా. తాతయ్య ఇవ్వంది నేను తెచ్చుకుంటున్నా" అన్నాడు వాడు, కేకు కొరుకుతూ.

నాలుగు చీవాట్లు పెట్టింది, ఏడ్చింది, మళ్ళీ చేయనని ఒట్టు పెట్టించుకుంది. కానీ అన్నకు మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతుంది? చెబితే కొడుకు జైలుకు పోతాడు, చెప్పకపోతే అన్నకు ద్రోహం. కన్న కడుపు ఎటు మొగ్గాలో అటే మొగ్గింది. ఒట్టు పెట్టినవాడు మాత్రం రెండు వారాలు తిరక్కుండానే దాన్ని గాలికొదిలేశాడు. క్లెమ్ మందలో తల్లి గొర్రెలు మళ్ళీ తగ్గసాగాయి.

క్లెమ్ రోజూ భోజనాల దగ్గర "నక్కలు" అనేవాడు. "అవును, ఈనే కాలం కదా" అనేది మెల్వా. నక్క గొర్రెపిల్లను ఎత్తుకెళ్తుందిగానీ నిండు గొర్రెను కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ నక్కల గురించే మాట్లాడుకుంటూ, మాంసం ముక్కలు కోసుకు తినేవాళ్ళు. 

ఆ మధ్యాహ్నం ఊళ్ళోకి వెళ్తూ బండిలో సగం దారి వరకు క్లెమ్ వానల గురించే మాట్లాడాడు.

"ఈసారి నక్క పెద్దదే మెల్వా" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎంత పెద్దదేం?"

"గేటు గొలుసు విప్పి, పని కానిచ్చుకుని, మళ్ళీ తగిలించి పోయేంత పెద్దది."

 మెల్వా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన కూనిరాగం తీస్తూ బండి నడిపాడు. మామూలుగా ఆయన కూనిరాగాలు తీయడు.

వేట సామాను అమ్మే లెస్ నోటికి హద్దుండదు. వీళ్ళను చూడగానే చేతులు బార చాపాడు.

"ఏం క్లెమ్, ముసలితనంలో డిస్కో లైట్లు కావాల్సొచ్చాయా? మెల్వా, నువ్వు ఈయన పక్కన డాన్సు చేస్తావా ఏంటి?"

"నీ వాగుడు తర్వాత. చూపించు" అంది మెల్వా.

చలికాలం కదా, అయిదున్నరకే బయట చీకటి కమ్మింది. లెస్ వాళ్ళను షాపు వెనక్కి తీసుకెళ్ళాడు. రైలు కట్ట మీద వాడు దూది కుక్కిన నక్క బొమ్మ ఒకటి నిలబెట్టుకున్నాడు, దాని పక్కన ఒక పాత కోటు తగిలించిన కొయ్య. ముందు తెల్ల లైటు చేత్తో పట్టుకుని వేశాడు. అన్నీ పగటిలా కనపడ్డాయి.

"ఇది వేస్తే నక్క తోక ముడిచి పక్క జిల్లాకి పారిపోద్ది. వద్దు. ఇదిగో, ఎరుపు." కట్టంతా మసక ఎరుపులో మునిగింది. "నక్కకి ఎరుపు ఆనదు. దాని లెక్కలో అదీ చీకటే. అందరూ పట్టుకెళ్ళేది ఇదే. కాకపోతే వెలుగు తక్కువ, రంగులు తేలవు. నక్కా ఒకటే, కుక్కా ఒకటే. బాగా దగ్గరికి రానివ్వాలి."

"పచ్చది?"

లెస్ మీట నొక్కాడు. కట్ట, దాని వెనక తుమ్మ పొదలు, వాటి వెనక గోధుమ గాదె గోడ దాకా పచ్చగా పాకింది. "మన కంటికి పచ్చ ఆనినంతగా ఇంకేదీ ఆనదు. ఎంత దూరమైనా పోద్ది. ముసలి కళ్ళకి మంచిది. కొన్ని నక్కలు బెదురుతాయి, కొన్ని బెదరవు. అది నీ అదృష్టం."

క్లెమ్ చాలాసేపు ఆ వెలుగునే చూశాడు.

"మరి మనిషో?" అన్నాడు.

"మనిషేంటి?"

"ఎదర మనిషున్నాడనుకో. వాడికి ఏ రంగు ఎంత దూరం నుంచి కనపడుద్ది?"

లెస్ నవ్వబోయి, క్లెమ్ మొహం చూసి మానేశాడు. ఆ వాగుడుకాయ నీళ్ళు నమలడం మెల్వా ఎన్నడూ చూడలేదు.

"పచ్చదైతే... మైళ్ళ దూరం నుంచి కూడా ఇదిగో ఎవరో వస్తున్నారని తెలిసిపోద్ది. ఎరుపు అంతలా తెలీదు. సూటిగా మొహాన పడితే తప్ప గమనించడు. ఎందుకూ?"

"ఊరికే. మెల్వా, ఏది తీసుకోమంటావ్?"

ఇద్దరు మగవాళ్ళూ ఆమెవైపు తిరిగారు.  నక్క కోసమైతే ఎరుపే, అది పసిపిల్లవాడు కూడా చెబుతాడు. కానీ ఆమె కళ్ళ ముందున్నది నక్క కాదు. గేటు గొలుసు విప్పుతున్న బ్రోడీ చేతులు. ఎరుపు అంటే వాడికి ఏమీ తెలియకముందే తుపాకీ వాడి మీదికి చేరుతుంది. పచ్చ అంటే వాడు దూరం నుంచే చూసి, బండెక్కి ప్రాణాలు దక్కించుకుంటాడు. అన్నకు గొర్రెలు దక్కుతాయి, తనకు కొడుకు దక్కుతాడు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇంతకంటే మంచి దారి ఏముంది?

"పచ్చది" అంది. "ఎరుపులో నాకేమీ ఆనట్లేదు. నీకు మాత్రం ఏం ఆనుతుంది?"

"పచ్చదే అంటావా?"

"పచ్చదే."

"నక్క బెదరదూ?"

"బెదిరితే బెదరనీ. కనపడితేనే కదా కొట్టేది."

క్లెమ్ ఆమె మొహంలోకి చూశాడు. అంతసేపు ఆయన ఆమెను ఎన్నడూ చూసి ఎరగడు. తర్వాత తల ఊపి, "సరే. నీ కళ్ళమీద నాకు నమ్మకం" అన్నాడు. ఆ మాటకు ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. పిచ్చిది! తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

ఇంటికి రాగానే తలుపు గడియ వేసుకుని కొడుక్కి ఫోన్ చేసింది.

"మీ మామయ్య తుపాకీకి పచ్చ లైటు కొన్నాడు. ఒక్కడే తిరుగుతాడట. ఇటు రాకురా నాయనా, నీకు దణ్ణం పెడతా."

"అయితే ఏంటి, సొంత మేనల్లుణ్ణి కాలుస్తాడా?"

"ఎవడైందీ చీకట్లో ఆయనకేం తెలుస్తుందిరా! పక్కన దీపం పట్టేవాళ్ళు కూడా లేరు. ఎప్పుడైనా ఇటొచ్చి చావడమంటూ జరిగితే, పచ్చ లైటు కనపడగానే గొర్రెలూ వద్దు గాడిదలూ వద్దు, వెనక్కి చూడకుండా పరిగెత్తు. అర్థమైందా?"

"అర్థమైందమ్మా, అర్థమైంది. పచ్చ లైటు."

ఆ రాత్రే క్లెమ్ పెరట్లో నిలబడి తుపాకీకి లైటు బిగించి చూశాడు. పచ్చటి వెలుగు కంచెలు దాటుకుంటూ దిగువ బీడు చివరిదాకా వెళ్ళింది. ఇదైతే నది అవతలికి కూడా కనపడేట్టుంది అనుకుని మెల్వా కిటికీ దగ్గర ఊపిరి పీల్చుకుంది.

మర్నాటి నుంచి ఆ వెలుగు కనపడలేదు. చీకటి పడగానే ఆమె కిటికీ దగ్గర కూర్చుని చూసేది. బీడంతా నల్లగా ఉండేది. గొర్రెలు దగ్గేవి, ఎక్కడో ఒక పిల్ల తల్లికోసం అరిచేది. పచ్చటి చుక్క మాత్రం లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"కొత్త లైటు తెచ్చుకుని ఇంట్లోనే కూర్చున్నావే?"

"మోకాలు పట్టేసింది" అన్నాడు క్లెమ్, బూట్ల లేసులు బిగించుకుంటూ.

నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, వయసు మీద పడ్డ మనిషి. శుక్రవారం సాయంత్రం బ్రోడీ ఫోన్ చేశాడు. ఆ కబురూ ఈ కబురూ చెప్పి, మామయ్య ఎలా ఉన్నాడని అడిగాడు.

"మోకాలు నొప్పట. బయటికెళ్ళడం లేదు."

"పచ్చ లైటు?"

"కనపడి చాలా రోజులైంది. నీకెందుకురా ఆ గొడవ?"

"ఊరికేనమ్మా. పడుకో."

ఆమె పడుకోలేదు. ఆ "ఊరికే" ముల్లులా గుచ్చుకుంది. మళ్ళీ ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది, అంతే. కిటికీ దగ్గరికి వెళ్ళి పచ్చ వెలుగు కోసం కళ్ళు చిట్లించుకుని చూసింది. లేదు. లేదు కాబట్టి అన్న ఇంట్లోనే ఉన్నాడు, ఉన్నాడు కాబట్టి భయం లేదు అని తనకు తనే చెప్పుకుంది.  కుర్చీలోనే ఎప్పుడో కునుకు పట్టింది.

తుపాకీ పేలింది.

ఒక్కసారే పేలింది. ఆ చప్పుడు బీడు మీదుగా దొర్లుకుంటూ పోయి ఆగిపోయింది. తర్వాత ఎవరో అరిచారు. జంతువు అరుపు కాదది. మెల్వాకు ఆ గొంతు తెలుసు.

కోటు కూడా వేసుకోకుండా, కాళ్ళకు ఏది దొరికితే అది తొడుక్కుని పరిగెత్తింది. మంచు గడ్డి మీద రెండుసార్లు పడింది. నా బిడ్డ, నా బిడ్డ అన్న మాట తప్ప ఆమె నోట ఇంకేమీ లేదు. బీడు మలుపు తిరిగేదాకా ఏ వెలుగూ కనపడలేదు. తిరిగాక కనపడింది. నీళ్ళతొట్టి దగ్గర, నేల మీద, మసక ఎరుపు మడుగు.

ఆ మడుగులో బ్రోడీ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు! మిట్జీ తల వాడి ఒళ్ళో ఉంది. కుక్క కదలడం లేదు. ఆ వెలుగులో నెత్తురు కూడా నీళ్ళలానే కనపడింది. వాడి వెనక బండి తొట్టి తెరిచి ఉంది, లోపల గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎరుపు వెలుగు సరిగ్గా వాడి రొమ్ము మీద నిలబడింది. అది ఎక్కడినుంచి వస్తోందో ఆమెకు వేరే చెప్పాలా? గొట్టం చివర నుంచి.

"క్లెమ్! లైటు తీసెయ్! వాడి గుండె మీదుంది!"

"తీస్తే వాడు నాకు కనపడడు." చీకట్లోంచి వచ్చింది అన్న గొంతు. "చూడాలంటే గురిపెట్టాల్సిందే మెల్వా. ఒంటరివాడి లైటు ఇలాగే ఉంటుంది."

"వాణ్ణి కాల్చావా?"

"కుక్కను కాల్చాను. నా గొర్రెల్లో పడ్డ కుక్కను కాల్చే హక్కు నాకుంది. ఇంకా వీడి సంగతి తేల్చుకోలేదు."

బ్రోడీ తల ఎత్తలేదు. కుక్క చెవులు నిమురుతూనే ఉన్నాడు. మెల్వా వెళ్ళి వాడికీ తుపాకీకీ మధ్య నిలబడింది. ఎరుపు వెలుగు వాడిమీద నుంచి ఆమె నైట్‌గౌను మీదికి వచ్చింది. మొహం మీద పడితే కళ్ళు మూసుకుపోయాయి.  

"జరుగు" అన్నాడు క్లెమ్.

"జరగను."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఇక దాచి లాభమేముంది? "నెల నుంచి" అంది. "చెబుదామనే అనుకున్నా క్లెమ్. వాడు మానేస్తానన్నాడు. నమ్మాను. అసలు పచ్చది కదా నువ్వు కొన్నది? ఈ ఎరుపెక్కడిది?"

"మర్నాడే వెళ్ళి మార్చుకొచ్చా." ఆయన గొంతు మెత్తబడింది. అది కోపం కంటే భయంగా ఉంది. "దొంగ ఎవడో నాకు తెలీదు మెల్వా. పది పేర్లు అనుకున్నా. వీడి పేరు వచ్చినప్పుడల్లా తుడిచేసుకున్నా. నా చెల్లెలి కొడుకు కదా అని. అందుకే నిన్ను తీసుకెళ్ళి రంగు అడిగా. ఎరుపు అని ఉంటే, వీడు కాదని గుండెల మీద చెయ్యేసుకుని పడుకునేవాణ్ణి. నువ్వు పచ్చ అన్నావ్. నక్క కళ్ళు చూస్తూ పెరిగినదానివి, పచ్చ అన్నావ్! ఈ భూమ్మీద ఎవడి కోసం నువ్వు నాతో అబద్ధమాడతావ్? ఒక్కడి కోసమే."

 మెల్వాకు నేల మీద కూలబడాలనిపించింది. కూలబడితే వెనకనున్నవాడి మీదికి మళ్ళీ ఆ వెలుగు వెళ్తుంది. అందుకని నిలబడింది.

"నాన్న ఇచ్చినదాంట్లో నీకు వాటా కావాలంటే అడగాల్సింది. ఎన్నడైనా అడిగావా?"

"అడిగితే ఇచ్చేవాడివా?"

 గొర్రెలు బండిలో కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎరుపు వెలుగు ఆమె రొమ్ము మీద సన్నగా వణికింది. ఆయన ఊపిరితో పాటు పైకీ కిందికీ కదిలింది. కాల్చడు, నా అన్న కాల్చడు అనుకుంది. అనుకుందిగానీ నమ్మలేకపోయింది. ఆయన వేలు ఎక్కడుందో ఆమెకు కనపడదు. "ఊఁ" అనడానికీ, అనకపోవడానికీ ఆయన పక్కన ఎవరూ లేరు.

వెలుగు ఆరిపోయింది.

అది ఇంకా ఘోరం. గొట్టం ఎటుందో కూడా ఇప్పుడు తెలియదు. మెల్వా చేతులు రెండూ వెనక్కి చాచి కొడుకు తల తడుముకుని, కదలకుండా నిలబడింది. కాసేపటికి గడ్డి మీద బూట్ల చప్పుడు దూరమైంది. కుంటుతున్న చప్పుడేమీ కాదది.

"గొర్రెలు దింపి, గేటు గొలుసు వేసి వెళ్ళండి" అని వినిపించింది అల్లంత దూరం నుంచి. "నీ సామాను రేపు నేనే నది అవతలికి చేరుస్తా. ఇద్దరూ మళ్ళీ ఇటు రావద్దు."

మెల్వా కొడుకు పక్కన కూలబడి వాణ్ణి దగ్గరికి లాక్కుంది. భుజాలు, మెడ, పొట్ట అన్నీ తడిమి చూసింది. ఎక్కడా గాయం లేదు. చేతులకు అంటిన నెత్తురంతా కుక్కదే. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

"ఎందుకొచ్చావురా? రావద్దని అంతగా చెప్పానుగా! దణ్ణం పెట్టానుగా! కనీసం చుట్టూ చూసుకోవద్దూ?"

బ్రోడీ ఆమె వైపు తిరిగాడు. వాడి మొహం కనపడలేదు.

"చూస్తూనే ఉన్నానమ్మా" అన్నాడు. "నువ్వు చెప్పిన పచ్చ లైటు కోసం."